ఒక టికెట్టు, రెండు మధ్యాహ్నాలు

ఆక్లాండ్ నుంచి శాంటియాగో ఎంత దూరమని
అడిగేవాళ్లు రెండు రకాలు.
కిలోమీటర్లు చెబితే తలూపి వెళ్లిపోయేవాళ్లు,
గంటలు చెప్పేదాకా కదలనివాళ్లు.

అనహేరా రెండో రకం.
ఒళ్లో నీలం పెట్టె.
పెట్టెలో ఎవరిదో ఎముక మూలుగ, ఎవరికో.
ఇచ్చినవాళ్ల పేరు ఆమెకు తెలీదు,
పుచ్చుకునేవాళ్ల పేరూ తెలీదు.
తెలిసిందల్లా డెబ్భై రెండు గంటలు.
అందులో తొమ్మిది
క్రైస్ట్‌చర్చ్ పొగమంచులో అప్పటికే ఖర్చయ్యాయి.

నాది కిటికీ లేని గది.
పద్దెనిమిదేళ్లుగా విమానాలకు దారులు గీస్తున్నాను.
శాంటియాగో ఒక్కసారీ చూడలేదు.

గోడమీది పటంలో ఆ దారి
మంచుఖండం వైపు పొట్ట పెట్టుకుని వంగి ఉంటుంది.
ఎందుకీ వంకర అని కొత్తగా చేరిన తెవీటా అడిగితే
నారింజపండుకి రెండు గుండుసూదులు గుచ్చి
దారం బిగించి చూపించాను.
వంకర పటానిది, దారిది కాదు.
పండు తిన్నాం. సూదులు మిగిలాయి.

తొమ్మిది వేల ఆరువందల డెబ్భై కిలోమీటర్లు.
పోనూ అంతే, రానూ అంతే.
కాని వాలుగాలికి పదకొండు గంటలు,
ఎదురుగాలికి పదమూడు.
కిలోమీటరు మాటమీద నిలబడుతుంది,
గంట నిలబడదు.

కింద దీవి లేదు, దీపం లేదు, ఓడ కూడా అరుదు.
ఒక ఇంజను ఆగితే రెండోదానితో
ఎక్కడికి చేరగలమన్న భయమే
ఆ గీతలో సగం గీస్తుంది.
మిగతా సగం నేను.

తమాషా ఏమిటంటే
ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎక్కితే
అదే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతారు.
కౌంటర్లో మెలే అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పిందట,
"బెంగ పడకండి, బయల్దేరకముందే అక్కడుంటారు."
ఆమె నవ్వలేదట.
"కేలండరు ఇచ్చే రాయితీ నాకు. పెట్టెకు కాదు.
గాలిలో ఎన్ని గంటలో అది చెప్పండి."

మెలే ఫోన్ చేసి నన్నడిగింది.
పదకొండు, అన్నాను.
ఫోన్ పెట్టేశాక కూడా ఆ ప్రశ్న
నా బల్ల అంచున కూర్చునే ఉంది.

ఎత్తుల పట్టిక మళ్లీ తెరిచాను.
ఆ రాత్రి పైన పారే గాలినది
వంద కిలోమీటర్లు దక్షిణానికి జరిగింది.
దారిని దాని నడుమకి తోశాను.
కుదుపులుంటాయి, కాఫీలు ఒలుకుతాయి.
కెప్టెన్ గొణిగాడు, సంతకం పెట్టాడు.
పద్నాలుగు నిమిషాలు కలిసొచ్చాయి.
కోడిగుడ్డు ఉడికి చల్లారేంత.
ఆమెకు చెప్పలేదు.
చెప్పాలన్న నియమమూ లేదు.

మంగళవారం రాత్రి అక్కడ ఎక్కి
గురువారం తెల్లవారుజామున ఖాళీ పెట్టెతో ఇక్కడ దిగింది.
పదమూడు గంటల పది నిమిషాలు.
గాలి తన బాకీ పైసలతో సహా వసూలు చేసుకుంది.
ఆమెకు ఆ వారంలో బుధవారం లేదు.

శాంటియాగోలో మాత్రం ఉండే ఉంటుంది.
మామూలు బుధవారం.
ఏదో వార్డులో ఎవరో నర్సు
ఒక మంచం పక్కన నిలబడి జ్వరం చూసి
కాగితం మీద అంకె రాసుకుని ఉంటుంది.

ఎంతో,
నాకెవరూ ఫోన్ చేసి చెప్పరు.