లిహురి మలుపు

కొలత మొదట నోటితోనే చెప్పాను:
పావలా బిళ్ళంత. అంతకు మించితే
చొక్కా జేబు ఒప్పుకోదు.
భాగీరథి మహారణా కళ్ళద్దాలు నుదుటికెత్తి
"కొత్త పావలాయా, పాతదా?" అన్నాడు.

పర్లాకిమిడి కొమ్ముపని వీధి.
అరగదీసిన గేదెకొమ్ము, కాలిన జుట్టు వాసన.
ఆయన కొట్టు వెనక గదిలో నా బల్ల,
బల్ల మీద సూదిమొనంత ఎర్రటి వెలుగు.
గుంట, చదును. గుంట, గుంట, చదును.
దానికి వచ్చిన భాష ఇంతే.

బల్ల మీద గడగడా చదివేది.
జేబులో వేసుకుని నాలుగడుగులు నడిస్తే
వానాకాలం గట్టు మీంచి కాలు జారినట్టు
వెలుగు దారి తప్పేది.
రబ్బరు పెట్టాను, ఎండకి మెత్తబడింది.
ఉక్కురేకు పెట్టాను,
వణుకు ఆపకపోగా తనూ పాడింది.

ఆయన ఏమీ అడక్కుండా
కొమ్ముపొర ఒకటి చీల్చి
అవతల దీపం కనబడేదాకా గీకి
కటకం కింద అమర్చాడు.
"గేదె బుద్ధి ఇంకా పోలేదు దీనికి.
తోస్తే తోస్తుంది. ఊరుకుంటే పడుకుంటుంది."

పరీక్షకి గుణుపురం చిన్నరైలెక్కాం.
రెండున్నర అడుగుల పట్టాలు.
బిళ్ళలో దారి ఎంత ఇరుకో
చెప్పబోయి మానేశాను, ఆయన నిద్రపోతున్నాడు.
చింతపండు బస్తా మీద కూచుని
చెవిలో తీగ పెట్టుకున్నాను.
అందులో దాచింది పాటా కాదు, పద్యమూ కాదు.
ఆయన ఆకురాయి చప్పుడు, మధ్యలో దగ్గు.

కాశీనగరం దాటింది, చెదరలేదు.
వంశధార పక్కకొచ్చింది.
ఎదర కూచున్న సవర ముసలమ్మ
"రేడియోలోన ఏటి సెప్తన్నాడు?" అంది.
"కొమ్ము గీకుతున్నాడమ్మా."
"అదా," అని చుట్ట ముట్టించింది.

లిహురి మలుపులో పెట్టె మొత్తం ఒరిగింది.
ఒక్క ఊపిరంత సేపు
ఏమీ లేదు.
తర్వాత మళ్ళీ గరగర.

ఆ ఖాళీని ఇంకో రెండేళ్ళు తరిమాను.
ఈలోగా బొంబాయి నుంచి ఎవరో
గోరంత నల్లముక్క తెచ్చారు.
తిరగదు, వెలగదు, వణకదు.
మా బిళ్ళలు పాతిక దాని కడుపులో పడుకుంటాయి.
పట్టాలూ వెడల్పయ్యాయి.
లిహురిలో రైలు ఇప్పుడు ఒరగదట.

బిళ్ళ ఉంది. బల్ల మీద ఎక్కడా ఆగదు.
ఆ చోటు వచ్చేసరికి నేనే ఊపిరి బిగబడతాను.
చిట్టచివర, మీట నొక్కే ముందు,
అప్పట్లో నేను వినిపించుకోని గొంతు:
"హెలా కి?"

అయిందా అని.
ఇంకా లేదంటాను.