మనుషుల పొగ

సిరొంచ దాటి పదకొండు మైళ్లు, పొద్దుగుట్ట మీద
టేకు బొంగులతో మంచె కట్టించాడట ఎవరో దొర.
బొంగుల్ని చెదలు తిన్నాక ఇనుప మంచె వచ్చింది.
రెండూ ఎక్కినవాడు మా తాత, నేతకాని బానయ్య.

ఫాల్గుణం నుంచి మృగశిర దాకా అక్కడే.
ప్రాణహిత ఆ చివర పల్చటి తీగ.
పొగ లేస్తే అద్దం తిప్పి
ఎండను కిందికి విసిరేవాడు;
డిపోలో గంట మోగేది.

చదువు రాదు. పొగల్ని చదివేవాడు.
తునికాకు కోసం అంటించింది
మురికిగా, నేల పట్టుకొని పాకుతది.
వెదురు కాలితే ముందు చప్పుడు, తర్వాతే పొగ.
సన్నగా, నిటారుగా, తొందర లేకుండా లేస్తే
"అది మనుషుల పొగ బిడ్డా, అద్దం ముట్టకు."

ఒక్కసారే పొరబడ్డాడు.
మబ్బనుకున్నది మబ్బు కాదు.
ఆ ఏడు కాలిన కూపు సంగతి
అవ్వ అడిగినా చెప్పలేదు.

ఇప్పుడు నా ఫోన్‌లో ఎర్రచుక్క పడుతుంది.
పైనుంచి, రెప్ప లేనిదేదో చూసి పంపుతుంది.
నిన్న చుక్క వెంట బండేసుకుని పోతే
ఇప్పచెట్టు కింద ఆకులూడ్చి కాల్చిన ముసలామె,
వెచ్చటి బూడిద, గంపలో సగం పువ్వు.
"జుర్మానా ఎంత సారూ?" అంది.
కారణం అన్న గడి ఖాళీగా వదిలేశాను.

వస్తూ గుట్టెక్కాను.
మంచె ఇనుము ఎప్పుడో తూకానికి పోయింది.
తాత పేర్చిన పొయ్యిరాళ్లు మూడూ ఉన్నాయి.
తొలివాన నాడు వండుకుందామనుకునేవాడట;
తొలివాన పడితే జీతం ఆగేది, దిగిపోయేవాడు.
నలభై ఎండాకాలాలు, చల్లారిన అంబలి.

వేలితో రాసి చూశాను.
మసి లేదు.