నాది కాని గడి

అతను వచ్చింది బొటనవేలు తెగిందని.
ఉలి జారిందట. కట్టు కట్టమన్నాడు, అంతే.
ఐకిలె ఊరి చివర మా ఆరోగ్య కేంద్రంలో
గుమ్మం నుంచి నా బల్లదాకా ఎనిమిది అడుగులు.
దోన్ ఎలెయుతెరియో ఆ ఎనిమిదిలో రెండుసార్లు ఆగాడు.
రెండుసార్లూ గోడమీది టీకాల పటం చూస్తున్నట్టు నటించాడు.

నేను ముందు చూసింది వేలు కాదు.
బూటుతాళ్ళు రెండూ నేలమీద ఈడుస్తున్నాయి.
పది తీగల చరాంగో బుర్రని
వెంట్రుకవాసి తేడా రాకుండా తొలిచే మనిషి
బూటుతాళ్ళు కట్టుకోడా?

"వంగితే ఊపిరందదు, సెన్యొరీతా.
వయసు కదా."
వయసు యాభై రెండు.

చీలమండ మీద నా వేలు నొక్కి తీశాను.
గుంట అలాగే ఉండిపోయింది,
రొట్టెపిండిలో చంటిపిల్ల వేలు పెట్టినట్టు.
రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటారు?
ఒకటి. తర్వాత రెండు. ఈమధ్య
కుర్చీలోనే తెల్లవారుతోంది.
శ్రుతి కుదరక కూర్చున్నానని
భార్యకి చెబుతున్నాడట.

మణికట్టు పట్టుకున్నాను.
ఆ గదిలో తొందరంతా
నా గడియారం సెకన్ల ముల్లుదే.
ఒకటి.
రెండు.
మూడు రావాల్సిన చోట ఏమీ రాలేదు.
నేను వేళ్ళు తియ్యలేదు.
ఆఖరి బస్సులో చుట్టం దిగుతాడేమోనని
చూసినట్టు చూశాను.
వచ్చింది. ఆలస్యంగా, బరువుగా,
ఎందుకాగిందో చెప్పకుండా.
నిమిషానికి ముప్పై ఎనిమిది.
మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఏడు.

ఈసీజీ యంత్రం పాతది, కాగితం నములుతుంది.
బిళ్ళలు ఎండిపోతే తడిగుడ్డతో తుడిచి అంటించాను.
గీత బయటికొచ్చింది:
పైగది తన మానాన తను పిలుస్తోంది,
కిందిగది తన మానాన తను కొట్టుకుంటోంది,
మధ్యలో కబురు మోసే తీగ
ఎక్కడో తెగింది.

"పుట్టిన ఇల్లు ఎలాంటిది?"
మిస్కె దాటాక. మట్టిగోడలు, గడ్డికప్పు.
"వించూకా పురుగులుండేవా, గోడ పగుళ్ళలో?"
నవ్వాడు. "పక్కనిండా. పొద్దున లేస్తే
మా అన్నకి ఒక కన్ను ఉబ్బి ఉండేది. పగలబడి నవ్వేవాళ్ళం."
ఆ అన్న నలభై నాలుగో ఏట
మొక్కజొన్న చేలో, చేతిలో పార ఉండగానే
నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోయాడు.
పిడుగన్నారు.
మబ్బు లేదు ఆ రోజు.

రిజిస్టర్లో "నిర్ధారణ" అని ఒక గడి.
అది డాక్టరుది. డాక్టరు గురువారం వస్తాడు.
ఇవాళ సోమవారం.
నా గడి పేరు "గమనించినవి".
ముప్పై ఏడు రాశాను, కుర్చీలో నిద్ర రాశాను,
మెడనరం చెవిదాకా లేచిందని రాశాను, గుంట రాశాను,
బూటుతాళ్ళు కూడా రాశాను.
గడి చాలక అన్నని అంచులో ఇరికించాను.

కొచబాంబా ఆసుపత్రి ఫోన్లో ఎవరో కుర్రగొంతు
"మీ అనుమానమేంటి?" అంది.
"అనుమానాల్లేవు. అంకెలున్నాయి, చదవనా?" అన్నాను.
చదివాను.
అవతల కుర్చీ జరిగిన చప్పుడు.
"ఇప్పుడే పంపించండి."

వేలికి కట్టు కట్టాను. అతను వచ్చింది అందుకే కదా.
అంబులెన్సు ఎక్కుతూ అడిగాడు:
"వాళ్ళు లోపల పెట్టే యంత్రానికి బిరడాలుంటాయా?
శ్రుతి తప్పితే ఎవరు తిప్పుతారు?"
నేను నోరు తెరిచేలోపు తలుపు వేసేశారు.

సాయంత్రం రక్తపు గొట్టాలు సర్దుతున్నాను.
వించూకా పరీక్షకి వెళ్ళాల్సినవి ఆరు,
ఆరింటి మీదా పేర్లున్నాయి.
ఏడోది ఖాళీది. గడువు తీరినప్పుడల్లా
కొత్తది మార్చి పెడుతూ
మూడేళ్ళుగా నా సొరుగులో దాచుకున్నది.

మాదీ మట్టిగోడే.
మా అమ్మ దీపం పట్టుకుని
పగుళ్ళలో అల్లికసూదితో పొడిచేది,
పొద్దున లెక్క చెప్పేది, గొప్పగా.

పట్టీ పళ్ళతో బిగించాను.
ఎంతమంది నరమైనా చిటికెలో దొరికే చేతికి
నా నరం మొదటిసారి దొరకలేదు.

పేరు: ఎర్మెలిందా ఉరెన్యా.
వయసు: ముప్పై తొమ్మిది.
గమనించినవి: