గేదె కన్ను

గౌతమి గట్టు దిగాక, కొబ్బరితోటల వెనక గుడి.
దక్షిణపు గోడకి సున్నం గీకుతోంది నూకరత్నం.
రోజుకి నాలుగొందలు, టీ వేరే.
వెదురు పుల్ల, తడి గోనె, ఓపిక.

ఒక పొర రాలితే పసుపు,
దాని కింద నీలం,
ఇంకా కింద
ఎనభయ్యారు వరద బురద
కాగితమంత మందాన.

మూడోనాటికి అమ్మవారి పాదం బయటపడింది.
ఎవరో కొబ్బరికాయ కొట్టారు.
చేతులెన్నో లెక్కపెట్టారు,
ముఖం అరిగిపోయిందని నొచ్చుకున్నారు.

నూకరత్నం చూపు పాదం కింద.
మెడ విరిగిన దున్న.
వెనక్కి వాలిన చెవి,
పళ్ల మధ్య బిగిసిన నాలుక,
ముట్టె మీద మూడు ముడతలు.
కిందటేడు ఈనలేక పోయిన
తన పెద్ద గేదెకి
సరిగ్గా ఇలాగే.

"చెక్కినోడు పాలు పితికినోడే" అంది,
ఎవరితోనూ కాదు.

సాయంత్రం ఆఫీసరు టార్చి వేసి చూశాడు.
"ఇక్కడ వదిలేశావేం?"
వడ్లగింజంత సున్నం,
దున్న కంట్లో.

"కంట్లో పుల్లెడితే ఊరుకుంటాదేటండీ?"

అతను నవ్వాడో, రాసుకున్నాడో.
ఆమె అప్పటికే గోనె దులుపుకుంటోంది,
పాలవేళ దాటిపోతోందని.