మూత

పైనుంచి చార్టొకటి పంపిండ్రు.
పుర్రె బొమ్మ, రెండెముకలు, ఎర్ర గీత.
కింద వరుసగ రాసిండ్రు:
మత్తుల ముంచేవి, గుండెనురికించేవి, లేనిది చూపేవి.
దేవరకద్ర బడిల, తొమ్మిది బీ సెక్షన్ల
మొలకు తగిలిస్తే పిల్లలు నవ్విండ్రు.
కరెంటు స్తంభానికి రోజూ చూసే పుర్రెనే.
ట్రాన్స్‌ఫార్మరు పక్కన గోలీలాడేటోళ్ళు
దీనికేం భయపడ్తరు?

చార్టు చుట్ట చుట్టి మూలకు పెట్టిన.
"మీకెరికైన వాసనలు చెప్పుండ్రి" అన్న.

మొదలెవ్వరూ నోరిప్పలే.
తర్వాత, వాన పడ్డంక పుట్టలకెళ్ళి ఉసిళ్ళు లేచినట్టు
ఒక్కొక్కటే.
పంక్చరు షాపు సొల్యూషన్, మేడం.
మా అన్న తాగే దగ్గుమందు. వానికి దగ్గు లేదు.
రైలు పట్టాల కాడ పచ్చాకు పొగ.
చాక్లెట్టు లెక్కుంటది, చాక్లెట్టు గాదు.
ఆఖరి బెంచికెళ్ళి ఎవరో, మొఖం కనిపియ్యకుండ:
వైట్నరు.

వైట్నరు తప్పును తుడవదు బిడ్డా, కప్పుతది.
దాన్ని పీల్చినోని గుండె
మొదటిసారికే తాళం తప్పొచ్చు.
మొదటిసారే ఆఖరిసారి కావొచ్చు.

మీ నాయినలు బొంబాయిల గోడలు కట్టినోళ్ళు.
పచ్చి గోడ మీద స్లాబు ఏస్తరా?
"ఎయ్యరు మేడం, కూలుతది."
ఇరవై అయిదేండ్ల దాక మీ మెదడు పచ్చి గోడనే.
పొగ బరువుండదనుకుంటరు.
ఉంటది.

అప్పుడు కురుమూర్తి లేచిండు.
మాట తక్కువ పిలగాడు,
పొద్దుగాల ఎప్పుడూ పావుగంట లేటు.
"మేడం, కల్లు గూడ మందేనా?"

క్లాసు గమ్మునైంది.
ఎల్లమ్మకు సాక పోసేది కల్లు,
పుట్టుకకూ సావుకూ పంచేది కల్లు.
ఏమని చెప్పాలె?

"చెట్టు దిగింది కల్లే.
సీసాలకెక్కింది ఏందో మనకు తెల్వది.
ఊరంత తిరిగినా నలభై చెట్లు లేవు,
దుకాణంల దినాం నాలుగొందల సీసాలు.
లెక్క మీరే చెయ్యుండ్రి.
మిగిలింది నీళ్ళు, నిద్రగోలీల పొడి."

వాడు కూసోలే.
"తాతకు పొద్దుగాల సీసా పడకుంటే చేతులొణుకుతయి.
గోడ మీద చీమలు పోతున్నయంటడు.
చీమలుండయి మేడం.
పోయిన దసరాకు దుకాణం బందయితే
నాలుక కొరుక్కున్నడు.
అందుకే నేనే పొయ్యి తెస్త,
బడికొచ్చే ముందుగాల."

నా పాఠం ఆడనే ఆగిపోయింది.
వీని పేరు పక్కన
ఎర్రగ "లేటు" అని రాసిన చెయ్యి ఇదే.

చెప్పిన: నీ తప్పు గాదు.
ఒక్క దినంల బంద్ పెట్టకు, ఒళ్ళు తిరగబడ్తది, పానం మీదికొస్తది.
పాలమూరు దవాఖానకు తోల్కపోదాం.
తాటిచెట్టు దిగేటోడు మోకు ఇడువకుండ
ఒక్కో జానెడు దిగుతడు సూడు,
డాక్టరు గట్లనే దించుతడు.

"తాత రానంటే?"
"రేపు నేనొస్త మీ ఇంటికి."
ఆ మాట అన్నంత అలకగ గాదని
నాకెరుకే, వానికీ ఎరుకే.

బెల్లయినంక బెంచీలు సర్దుతుంటే
ఆఖరి వరుస కింద దొరికింది
చిన్న తెల్ల మూత, దానికి చిన్న కుంచె.
సీసా దొరకలే.

నలభై రెండు పేర్లు పెదవుల మీదనే చదువుకున్న.
ఏ పేరు కాడా ఆగబుద్ధి కాలే.
హెడ్మాస్టరుకిస్తే ముందుగాల పేరడుగుతడు,
తర్వాత టీసీ రాస్తడు.

కొంగుకు ముడేసుకున్న.
మూత లేని సీసా ఎక్కువ దినాలుండదు, జేబులనే ఆరిపోతది.
అంతకుముందే ఎవరన్న వెతుక్కుంట వస్తరేమో.
వస్తే మూత ఇయ్య.
కుర్చీ ఇస్త.