ఆప్షన్ల ఆఖరి రోజు

కవిటి ఆసుపత్రి, మూడో మంచం.
కూర్మమ్మత్త రక్తం గొట్టంలో బయటికొచ్చి
నాలుగు గంటలు తిరిగి తిరిగి లోపలికెళ్తాది.
నా ఫోన్లో కంప్యూటర్స్ పైన, ఈసీఈ కింద,
బయోమెడికల్ ఎక్కడో అట్టడుగున.

"ముందు ఈసీఈ చెయ్యి, పీజీలో మారొచ్చు,"
అన్నారు లెక్కల సారు.
"ఏ చదువైతే జీతమొస్తాదో అదే చదువు,"
అంది అమ్మ. వేళ్ళనిండా జీడి నలుపు.

మిషన్ కూతేసింది.
లోకనాథం అరచేత్తో ఒకటిచ్చాడు. ఆగింది.
"ఎందుకు మోగిందన్నా?"
"ఏటో తల్లీ. కంపెనీవోళ్ళు రావాల."

అత్తకి దాహం.
సీసా మూతలో సగం నీళ్ళు, అంతే లెక్క.
పెదాలు తడుపుకుని, మూత తిరిగిచ్చింది.

కంప్యూటర్స్‌ని కిందికి లాగాను.
ఈసీఈ, దాని వెనకే బయోమెడికల్.
తెర మీద ఆరిపోతున్న ఎర్ర అంకెని
హాల్‌టికెట్ వెనక రాసుకున్నాను.