దిద్దుబాట్లు మూడు, కొట్టివేత ఒకటి

రాజోలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడవారన
దస్తావేజులు రాసే భానోజీరావు గారు
దీపాలు పెట్టే వేళ నా బైండింగు కొట్టుకొచ్చి
పాత లుంగీలో చుట్టిన కట్ట బల్ల మీద పెట్టారు.
బొమ్మల కథల పుస్తకాలు, పదకొండు.
మలికిపురం పాత కాగితాల కొట్లో
కిలో లెక్కన కొన్నారట.
అన్నీ ఎనభై ఆరు వరదలో మునిగి లేచినవే.

"శుభ్రం చెయ్యమ్మా, బాగు చెయ్యకు."
రెంటికీ తేడా ఏంటండీ అన్నాను.
"ఆయ్, తేడా తెలిస్తే నేనే చేసుకుందును."

మెత్తటి కుంచెతో మొదలుపెట్టాను.
గుర్రం డెక్కల దగ్గర, మడతలో,
గోధుమరంగు పొడి చిటికెడు.
మురికే కదా, ఊదేశాను.
ఊదాక అనిపించింది,
ఇదే పొలంలో ఉంటే ఒండ్రు అని కళ్లకద్దుకుంటాం.

నీటి చార రాజుగారి మెడ దాకా ఉంది,
పేజీ తిప్పితే రాణిగారి నడుం దాకా.
తొట్టిలో నానేసి కడిగితే పోతుంది.
కడగలేదు.
ఒకసారి మునిగినదాన్ని
మళ్లీ ముంచడానికి చెయ్యి రాలేదు.

పిన్నులు తుప్పట్టి కాగితాన్ని తింటున్నాయి.
తీసేశాను.
తీసేసి ఊరుకుంటే అది పుస్తకం కాదు, పొట్లాలు కట్టే కాగితాలు.
దారంతో కుట్టాను, పాత చిల్లుల్లోంచే,
సూది కొత్తగా ఎక్కడా పొడవకుండా.
చిరిగిన వెన్నుకి సన్నకాగితం, బియ్యప్పిండి గంజి.
రేపెవరికైనా నేను చేసింది తప్పనిపిస్తే
తడిగుడ్డతో ఊడొచ్చేలా.

మంత్రగత్తెకి మణికట్టు నుంచి చెయ్యి లేదు,
ఆ మూల చెదలు తిన్నాయి.
నాకు బొమ్మలొచ్చు. ఆ చెయ్యి ఎలా ఉండేదో తెలుసు కూడా,
పక్క పేజీలో ఉంది, పాము ఉంగరంతో.
ఒక్క రాత్రిలో గీసేద్దును.
ఖాళీ కాగితం అతికి ఆపేశాను.
మంత్రం వేస్తోంది పాపం, చెయ్యి లేకుండానే.

ఇంత జాగ్రత్తా పడ్డాను గానీ
ఏడో పుస్తకంలో రాకుమారికి పెన్సిలు మీసం కనిపిస్తే
ఆలోచించలేదు.
రబ్బరు అప్పటికే చేతిలో ఉంది.
నాలుగు రుద్దులు.

ఆఖరి పేజీకొచ్చేసరికి అదే పెన్సిలు, అదే ఒత్తుడు:
"ఇది నేలపూడి కనకరత్నం పుస్తకము.
నాలుగో తరగతి బి.
ముట్టుకున్న వాళ్ల కళ్లు పోవును."

భానోజీరావు గారికి కబురెట్టాను.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
అచ్చం పాత దస్తావేజు చదివినట్టు చదివారు.
కాకినాడలో కొనేవాళ్లు రాతలుంటే సగం ధరే ఇస్తారండీ,
చెరిపెయ్యనా? అన్నాను.
"చెరుపుతావా! లింకు డాక్యుమెంటు కదమ్మా ఇది!
హక్కుదారు పేరుంది, తరగతితో సహా.
అనుభవంలో ఉన్నట్టు రుజువుంది.
కళ్ల సంగతి కూడా రాసింది,
నా జన్మలో ఇంత గట్టి షరతు నేను రాయలేదు."

అప్పుడు చెప్పాను మీసం సంగతి.
ఆయన చాలాసేపు రాకుమారినే చూశారు.
ట్యూబులైటు కిందికి పేజీ ఏటవాలుగా వంచితే
నల్లదనం పోయినా గాడి మిగిలింది,
ఎడంవైపు మీసం కుడివైపు దానికన్నా లావు.

గాడి మీదే మళ్లీ గీసెయ్యనా అండీ?
నా దగ్గర అలాంటి పెన్సిలుంది.

"అదిగో," అన్నారు,
"అదమ్మా బాగుచెయ్యడమంటే."

జేబులోంచి తెల్లకాగితం తీసి
తన గుండ్రటి దస్తూరీతో రాశారు:
ఇందులో దిద్దుబాట్లు మూడు. దారం, గంజి, మూల.
కొట్టివేత ఒకటి. మీసం.
తేదీ వేసి, కాగితం నావైపు తిప్పి
సంతకం ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించారు.

చేశాను.
పెన్నుతో కాదు.